పేరు లేని ఆఖరి సందు

కాంపో వెల్యో
14 ఏప్రిల్ 1996

దల్వా వదినకు,

మీరూ అత్తయ్యగారూ క్షేమంగా బెలో హోరిజోంచి చేరారని తలుస్తాను. గొడుగు ఇక్కడ మరిచిపోయారు. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. జురేమా ఏడో రోజు పూజకి వచ్చినప్పుడు అత్తయ్యగారు చర్చి మెట్ల మీద తడబడ్డారు. మోకాలి నొప్పి తగ్గిందా?

నేను బాగానే ఉన్నాను. వంట చేసుకుంటున్నాను. బీన్స్ మాడుతున్నాయి.

ఒక పని మీద రాస్తున్నాను. మా కొండ మీద పేరు లేని సందు ఒక్కటే మిగిలింది. తొనీకో బేకరీ పక్కనుంచి పైకెక్కే మెట్ల సందు. పెళ్ళైన కొత్తలో జురేమా, నేనూ అద్దెకున్నది అక్కడే. మీరు కూడా ఆ ఇంటికి వచ్చారు. దానికి జురేమా పేరు పెట్టించాలని ఉంది.

పద్ధతి మీకు తెలిసిందే. బతికున్నవాళ్ళ పేరు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. సందువాళ్ళు సంతకాలు చేయాలి. పోయిన మనిషి జీవితం అర పేజీలో రాసి కౌన్సిల్లో చదవాలి. భూగోళం పాఠాలు మానేసి కౌన్సిలర్నై ఇరవై ఏళ్ళయింది. నా హయాంలో కొండ మీదికి నీళ్ళ పైపు పూర్తిగా రాలేదు, మెట్లకి పట్టుకునే కమ్మీ రాలేదు. పేర్లు వచ్చాయి. ఎవరింట్లో చావు జరిగినా వెళ్ళేవాణ్ణి. కాఫీ తాగి, శవం దగ్గర కూర్చుని, లేచేటప్పుడు ఇంటి పెద్దతో అనేవాణ్ణి: "పేరు లేని సందు ఒకటుంది. ఆలోచించండి." ఆ ఇంటి ఓట్లు మళ్ళీ ఎటూ పోయేవి కావు.

ఆ అర పేజీలు రాసింది జురేమా. నేను మగవాళ్ళతో వాకిట్లో ఉంటే ఆమె వంటింట్లో ఆడవాళ్ళ పక్కన కూర్చునేది. పోయినాయన ఏ పాట వింటే ఏడ్చేవాడో, ఎవరితో ఎందుకు మాట మానేశాడో తెలుసుకుని వచ్చి రాసేది. నేను చదివేవాణ్ణి. చప్పట్లు నాకు కొట్టేవారు.

ఇప్పుడు ఆమెది రాద్దామని కూర్చున్నాను. పుట్టిన తేదీ రాశాను. పోయిన తేదీ రాశాను. మధ్యలో ఏమీ రాలేదు. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని మంత్రసాని చదువు మానేసింది కదా, అది ఏ ఏడాది? ఆమెకు ఏం చేయడం ఇష్టం? చిన్నప్పటి సంగతులు కాసిని రాసి పంపండి.

మీ మరిది
ఒదిలోన్


బెలో హోరిజోంచి
27 ఏప్రిల్ 1996

ఒదిలోన్‌కి దల్వా వదిన దీవెనలు.

గొడుగు చేరింది. ఒక ఊచ వంగి ఉంది. డ్రైవరు ఒప్పుకోడు, నువ్వూ ఒప్పుకోవు, వానదే తప్పనుకుంటాను. అమ్మ మోకాలు తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. బీన్స్ ముందురోజే నానబెట్టాలి నాయనా. సన్నని సెగ మీద పెట్టి దాని పక్కనే కూర్చోవాలి. వార్తలు వింటూ మరిచిపోతావు నువ్వు.

రక్తం చూస్తే కళ్ళు తిరగడమా? ఎవరు చెప్పారు నీకు? మా పెరట్లో పంది ఈనలేక అవస్థ పడుతుంటే మోచేతి దాకా చెయ్యి పెట్టి పిల్లని బయటికి లాగింది జురేమా. అప్పటికింకా చిన్నపిల్ల. నేను గోడ వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను. చదువు మానేసింది డెబ్భై ఆరులో, నువ్వు మొదటిసారి నిలబడినప్పుడు. ఇంటికి వచ్చేవాళ్ళకి కాఫీ పెట్టి కూర్చోబెట్టే మనిషి లేదని. ఆ ఏడాది గడిస్తే సర్టిఫికెట్ చేతికొచ్చేది. నువ్వు నొచ్చుకోకూడదని కళ్ళు తిరిగే కథ అల్లి ఉంటుంది. నేను చెప్పకుండా ఉండాల్సిందేమో. రాసేశాను, ఇక కొట్టెయ్యను.

సందు మాట ఎత్తావు కనక ఇదీ చెప్తాను. కిందటి క్రిస్మస్‌కి వచ్చినప్పుడు గిన్నెలు కడుగుతూ అంది నాతో: "ఒక సందు పక్కన పెట్టి ఉంచానే అక్కా. ఒదిలోన్‌కి చెప్పకు." అని నవ్వింది. నేనూ నవ్వాను. ఒంట్లో బాగాలేదని అప్పటికే దానికి తెలుసు, మనకే తెలియదు. తనకోసమే దాచుకుంది ఒదిలోన్. ఇరవై ఏళ్ళు ఊరందరికీ పంచిపెట్టి తనకొకటి ఉంచుకుంది.

అమ్మకి విషయం చెప్పాను. చూపు ఆనడం లేదు కదా, "సందు పేరు రాసే రేకు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయా?" అని అడుగుతోంది. వేలితో తడిమి చూస్తుందట. తొందరగా కానివ్వు. ఎనభై దాటిన మనిషిని నేనెన్నాళ్ళు ఆపను?

వదిన
దల్వా


కాంపో వెల్యో
19 మే 1996

దల్వా వదినకు,

మీ ఉత్తరం చదివాను. డెబ్భై ఆరు సంగతి గురించి ఇప్పుడేమీ రాయలేను.

సంతకాల కోసం సందులో ఇంటింటికీ వెళ్ళాను. ఒక్కరూ చేయలేదు.

దొనా ఫిలో మీకు గుర్తుండే ఉంటుంది, మాకు గది అద్దెకిచ్చినావిడ కూతురు. ఇప్పుడా ఇల్లు ఆమెదే. మొక్కజొన్న కేకు ముందు పెట్టింది. కాగితం చూడగానే పొయ్యి వైపు తిరిగిపోయింది.

"ఇంకో సందు చూడకూడదా మాస్టారూ?"

"ఇంకొకటి లేదు ఫిలో."

"అయితే ఆగండి. తొందరేముంది?"

"జురేమాకి ఇవ్వడం ఇష్టం లేదా?"

"అయ్యో, ఆవిడని కాదనేవాళ్ళున్నారా ఈ కొండ మీద! కేకు తినండి. చిక్కిపోయారు. గుండె పరీక్ష చేయించుకుంటున్నారా?"

పక్కింట్లోనూ అంతే. కాఫీ ఇచ్చారు, నా గుండె ఎలా ఉందని అడిగారు, సంతకం దగ్గరికి వచ్చేసరికి మాట మార్చారు. ఆ పై ఇంటి ముసలాయన చెవి వినపడనట్టు నటించాడు. ఆయనకి బాగా వినపడుతుంది.

ఎందుకో నాకు తెలుసనుకుంటాను. వాళ్ళ చావులతో నేనేం చేసుకున్నానో వాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు నా భార్య చావుతోనూ అదే చేస్తున్నానని అనుకుంటున్నారు.

మా పార్టీ పెద్ద ఎవిలాజియోకి ఈ సంగతి చెప్పాను. "సంతకాలు నేను తెప్పిస్తాలే మాస్టారూ," అన్నాడు. "బిల్లు ఆగస్టులో పెడదాం. సెప్టెంబర్లో రేకు, బ్యాండుమేళం. అక్టోబర్లో ఓట్లు. అంతదాకా ఆ మొహం అలాగే ఉంచు, బాగుంది." ఛీ అనాల్సింది. ఆలోచిద్దాం అన్నాను.

అత్తయ్యగారితో ఇంకొన్నాళ్ళు పడుతుందని చెప్పండి.

ఒదిలోన్


బెలో హోరిజోంచి
2 జూన్ 1996

ఒదిలోన్,

గొడుగు తెచ్చిన డ్రైవరే ఇవాళ ఇంకొకటి తెచ్చిచ్చాడు. కరపత్రం. పైన నీ పేరు, ఓటు వేయాల్సిన నీ నంబరు. కింద నా చెల్లెలి ఫొటో. 'ఆమె కల కోసం' అని రాసుంది. ఏ కల ఒదిలోన్? నీకు తెలిస్తే నాకూ చెప్పు. అర పేజీకి సరిపడా కూడా దాని గురించి నీకు తెలియదని ఏప్రిల్లో నువ్వే రాశావు.

ఆ ఫొటో తీసింది నా వంటింట్లో. పక్కన దాని భుజం మీద నా చెయ్యి ఉండాలి. కత్తిరించారు. వేళ్ళ కొసలు మిగిలిపోయాయి, చూడు.

సందువాళ్ళు సంతకం చేయలేదంటావు. చేయకపోవడం నీకు కలిసొచ్చినట్టే ఉంది. సెప్టెంబరు దాకా ఆగొచ్చు, బ్యాండు మాట్లాడుకోవచ్చు. ఇక్కడ అమ్మ రోజూ పొద్దున్నే పోస్టు వచ్చిందా అని అడుగుతోంది. కరపత్రం సంగతి చెప్పలేదు. దాన్ని కూడా వేలితో తడిమి చూస్తుందేమోనని భయం.

దల్వా


కాంపో వెల్యో
20 జూన్ 1996

దల్వా వదినకు,

ఫొటో ఇచ్చింది నేనే. పార్టీ ఆఫీసు గోడకి పెట్టుకుంటామని ఎవిలాజియో అడిగాడు. ఎందుకడుగుతున్నాడో తెలుసు. తెలియనట్టు ఇచ్చాను. మిగిలిన కరపత్రాలు తెచ్చి పెరట్లో కాల్చాను. పంచినవి పంచేశారు.

మీకు తెలియనిది ఇంకొకటుంది. ఆవేళ ఆమె శవపెట్టె పక్కన నిలబడ్డాను. జనం వరసగా వచ్చి నా చెయ్యి పట్టుకుంటున్నారు. రైలు కాలనీ వాళ్ళు ఇంటిల్లిపాదీ వచ్చారు. పోయినసారి వీళ్ళు నాకు ఓటు వేయలేదు, ఈసారి వేస్తారు అనుకున్నాను. వాళ్ళ వెనకున్నవాళ్ళ గురించీ అలాగే అనుకున్నాను. లెక్కపెడుతున్నానని తెలిసింది. తెలిసీ ఆపలేదు. ఆమె చేతుల్లో మీరు పువ్వులు పెట్టారు. అవేం పువ్వులో నాకు తెలియదు. నేను తలుపు వైపు చూస్తున్నాను.

ఈ నెలాఖరుకి పార్టీ అభ్యర్థుల పేర్లు ఖాయం చేస్తుంది. నా పేరు ఇవ్వడం లేదు. ఎవిలాజియో మూడుసార్లు ఇంటికి వచ్చాడు. తలుపు తీయలేదు.

సందు ఆలోచన కూడా మానుకున్నాను. నా చేతుల మీదుగా జురేమాకి పేరు పెట్టడం ఆమెకు మర్యాద కాదు. సందువాళ్ళు చేసింది సరైన పని. అత్తయ్యగారికి, నా మూలంగానే జరగలేదని చెప్పండి.

ఒదిలోన్


బెలో హోరిజోంచి
1 జూలై 1996

ఒదిలోన్‌కి,

నీ ఉత్తరం నేను చదివి, తర్వాత అమ్మకి చదివి వినిపించాను. వినిపించకూడదనుకుంటూనే మొత్తం చదివేశాను. పెట్టె పక్కన లెక్కపెట్టడం కూడా చదివాను. అమ్మ వింటూ వింటూ, "జురేమా అయితే ఇంకా బాగా లెక్కపెట్టేది" అంది.

నిజమే. మా నాన్న పోయినప్పుడు నీ పక్కన నిలబడి మోచేత్తో పొడిచింది నిన్ను. "ఆ నీలం చొక్కాయన మన వార్డే, వెళ్ళి పలకరించు" అని. నేను విన్నాను. నాన్న పెట్టె ఇంకా మూయలేదు. ఆవేళ మీ ఇద్దర్నీ కడుపునిండా తిట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తోంది, ఇంకోటీ వస్తోంది. దీంతో నీ తప్పు పోతుందని కాదు. పోదు. కాకపోతే ఆ పని నీ ఒక్కడిదే అన్నట్టు మోయకు.

పువ్వులు చామంతులు. మీ పెరట్లోవే. అది నాటినవి.

అమ్మ ఇంకొకటి అంది. పేరు ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు కేకెందుకు పెడతారు అని. తలుపు దగ్గరే నిలబెట్టి పంపుతారు కదా. నువ్వింక ఓటడిగే మనిషివి కావు. చేతిలో కాగితం లేకుండా వెళ్ళు. ఫిలోని ఎదురుగా కూర్చోబెట్టి అడుగు. కరపత్రం విషయంలో నా కోపం అలాగే ఉంది, దాన్ని అక్కడ ఉండనీ.

వదిన
దల్వా


కాంపో వెల్యో
21 జూలై 1996

దల్వా వదినకు,

కాగితం లేకుండా వెళ్ళాను. ఫిలో గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని చేటలో బీన్స్ ఏరుతోంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"ఈసారి నిలబడటం లేదట కదా మాస్టారూ. ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"గుండె?"

"ఫిలో, ఈ సందులో అందరికీ నా గుండె గోల ఎందుకు?"

ఆమె చేట కింద పెట్టింది. శిలువ గుర్తు వేసుకుంది.

"బతికున్న మనిషి మొహం మీద అనకూడదు మాస్టారూ. పాపం తగులుతుంది."

"నేను అడిగాను కదా. నీకు తగలదు."

"ఈ సందు మీది."

నాకు అర్థం కాలేదు. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది.

"మీకు గుండె ఆపరేషనైన ఏడాది జురేమమ్మ ఇంటింటికీ వచ్చింది. ఈ సందుకి ఎవరి పేరు తెచ్చినా ఒప్పుకోకండి, ఆయన పోయాక ఆయనది పెడదాం, మా కాపురం మొదలైంది ఇక్కడే అంది. ఆయనకి మాత్రం తెలియనివ్వకండి, తెలిస్తే ముందు ఏడ్చిన విధవకి ఇచ్చేస్తాడు అంది. మేం మాటిచ్చాం. పేరు లేని సందుకి పోస్టు రాదు కదా. పదకొండేళ్ళయింది. మా ఉత్తరాలకి, కరెంటు బిల్లులకి బేకరీకి దిగుతున్నాం, ఎక్కుతున్నాం. నా మోకాళ్ళు చూడండి! మీరేమో గుండ్రాయిలా ఉన్నారు!"

అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి చేతి వెనక నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

"ఆమె ముందు పోయింది ఫిలో. ఇక ఆ మాట చెల్లిపోయినట్టే."

"మనిషి పోతే మాట పోతుందా? ఇది ఆవిడకిస్తే రేపు మిమ్మల్ని ఎక్కడ పెట్టాలి? కొండ మీద ఇంకో సందు లేదు."

"నన్ను ఎక్కడా పెట్టొద్దు."

ఒకటి అడగకుండా ఉండలేకపోయాను. నా అర పేజీలో ఏం రాస్తానందో అడిగాను.

"నేనూ అడిగాను. 'అర పేజీ నిండదు ఫిలో. పిలిస్తే వస్తాడు. అంతే' అంది."

వదినా, వాళ్ళు సంతకం చేయకపోతే నన్ను చీదరించుకుంటున్నారనుకున్నాను. వాళ్ళు నా చావు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. ఆ మెట్ల కింద నిలబడి ఎన్నోసార్లు ప్రసంగాలు చేశాను. ఈ సందుకి పోస్టెందుకు రాదని ఒక్కసారీ ఆగి అడగలేదు. ఆమె పదకొండేళ్ళు నేను పోయాక జరగాల్సింది చూసుకుంది. నేను ఆమె చేతుల్లో పువ్వులు చూడలేదు.

నా సందు ఆమెకి ఇచ్చేయమని ఇంటింటికీ వెళ్ళి అడిగాను. ఎన్నికల్లో నోరు తిరిగినట్టు తిరగలేదు. అందరూ సంతకం చేశారు. చెవి వినపడనాయన చేస్తూ, "మళ్ళీ మనసు మార్చుకుని చచ్చిపోకండి మాస్టారూ, మాకింక మోకాళ్ళు లేవు" అన్నాడు.

ఒదిలోన్


బెలో హోరిజోంచి
4 ఆగస్టు 1996

ఒదిలోన్‌కి,

తనకోసం దాచుకుందని ఎంత తేలిగ్గా అనేశాను. పక్కలో పడుకుని పెరిగినదాన్ని. అది ఆవేళ చేతులు తుడుచుకుంటూ నవ్విన నవ్వు నాకిప్పుడు అర్థమవుతోంది. నువ్వు పోతావని నవ్వలేదు. నీకు తెలియకుండా ఒకటి చేశానని నవ్వింది. అమ్మకి చెప్తే, "అదెప్పుడూ అంతే, పుట్టినరోజుకి ఏం కొన్నదో చివరిదాకా చెప్పేది కాదు" అంది.

దానికి ఏం చేయడం ఇష్టమని ఏప్రిల్లో అడిగావు. డెబ్భై ఆరు మీద కోపంతో ఎగ్గొట్టాను. వాన పడుతున్నప్పుడు మెట్ల మీద కూర్చుని, పైనుంచి వచ్చే నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం. చెప్పులు కొట్టుకుపోతే అమ్మ చేత తిట్లు తినడం. అది పని కాదు. అర పేజీలో పడుతుందంటే రాయి.

వదిన
దల్వా


కాంపో వెల్యో
22 సెప్టెంబర్ 1996

దల్వా వదినకు,

శుక్రవారం కౌన్సిల్లో చదివాను. నేను రాసినది నేను చదవడం అదే మొదటిసారి. బాగా రాలేదు. పంది సంగతికి అందరూ నవ్వారు. వాన, మెట్లు, చెప్పులు రాశాను. ఈ ఊళ్ళో సందులన్నిటి మీదా ఉన్న పేర్ల వెనక జీవితాలు రాసింది ఈమే అని రాశాను. గొణుగుడు వినిపించింది. ఆ తర్వాత ఇలా ఉంది: "ఒక మనిషి ఎన్నిక కోసం మంత్రసాని చదువు మానుకుంది. ఆ మనిషికి ఆ సంగతి తెలియడానికి ఇరవై ఏళ్ళు పట్టింది." బిల్లులో ఇలాంటివి ఉండవని అధ్యక్షుడు అన్నాడు. జురేమా అయితే కొట్టేసేది. నేను ఉంచమన్నాను. ఉంచారు.

బయటికి రాగానే ఎవిలాజియో భుజం పట్టుకున్నాడు. "ఇంతమందిని ఏడిపించి నిలబడకపోతే ఎలాగయ్యా! ఓట్లన్నీ గాలికి పోయాయి."

బ్యాండు లేదు. రేకు బిగించింది ఫిలో అల్లుడు. అక్షరాలు ఉబ్బెత్తుగా పోయించాను. అత్తయ్యగారిని తీసుకురండి.

ఈ ఇల్లు నాకు పెద్దది. ఇచ్చేసి, ఫిలో వెనక గది అద్దెకు తీసుకుంటున్నాను. అప్పట్లో మేమున్న గదే. చామంతులు తవ్వి డబ్బాల్లో వేశాను. రెండు వాడాయి.

ఒదిలోన్


బెలో హోరిజోంచి
20 అక్టోబర్ 1996

ఒదిలోన్‌కి,

ఇల్లు చేరాం. అమ్మ బస్సులో దారంతా నిద్రపోయింది. అక్కడ నీ ఎదుట ఏమీ అనలేదు కదా, ఇక్కడికొచ్చాక అంది: "రేకు చల్లగా ఉంది. ఎండ తగిలే గోడకి మార్చమను." ఆమె వేలు చివరి అక్షరం దగ్గర ఎంతసేపు ఆగిందో నువ్వూ చూశావు. నువ్వు మొహం తిప్పుకోలేదు, అదీ చూశాను.

ఉత్తరం అక్కడికి చేరుతుందో లేదో చూద్దామని రాస్తున్నాను, ఇంక పనేమీ లేదు. కవరు మీద దాని పేరు రాశాను. పోయాక మళ్ళీ రాయాల్సి వస్తుందనుకోలేదు. అక్షరాలు వంకరపోయాయి. పోస్టాయనకి అర్థమైతే నీ అదృష్టం.

కొత్త చామంతి పిలకలు కావాలంటే చెప్పు. డ్రైవరుకిచ్చి పంపుతాను. గొడుగుకి చేసినట్టు చేయకపోతే చాలు.

వదిన
దల్వా


జురేమా సందు
కాంపో వెల్యో
31 అక్టోబర్ 1996

దల్వా వదినకు,

ఉత్తరం చేరింది.

పిలకలు పంపండి. ఎల్లుండి సమాధుల పండగ. బతికిన మొక్కలకి పూలు వచ్చాయి, అవి తీసుకెళ్తాను. రేకుని ఎదురు గోడకి మార్చాం. ఉదయం అక్కడ ఎండ పడుతుంది.

పోస్టుమాన్ ఈ మెట్లకి కొత్త. నంబర్లు తెలియవు. నిన్న కింద బేకరీ దగ్గర నిలబడి "జురేమా!" అని అరిచాడు. సందు అనలేదు, ఉత్త పేరే. నేను చొక్కా ఉతుక్కుంటున్నాను. ఇంట్లో లేదు అనబోయాను. నోటిదాకా వచ్చింది.

మళ్ళీ అరిచాడు. చేతులు తుడుచుకుని దిగాను. పిలిచారు కదా.

ఒదిలోన్